బాల్యంలో మాట, భాషా లోపాలు – ప్రాథమిక శిక్షణ మెళకువలు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో)

వయసుకు తగినట్టు మాట పలకలేకపోవడం, భాషను అర్థం చేసుకోలేకపోవడం, తెలిసిన భాషను వాడుకోలేకపోవడం, ఎదుటివారితో భావం పంచుకోలేకపోవడం – పిల్లల్లో కనిపించే ఈ ఇబ్బందులన్నిటినీ కలిపి మాట, భాషా లోపాలు అంటారు. వీటిని గుర్తించి, కొలిచి, సరిచేసే వృత్తి స్పీచ్ థెరపీ. వినికిడిని కొలిచి, తగిన పరికరం అమర్చే వృత్తి ఆడియాలజీ. భారతదేశంలో ఈ రెండింటినీ ఒకే డిగ్రీలో నేర్పుతారు.

మాట, భాష, భావవినిమయం – ఈ మూడూ వేరువేరు. సంగటిని ‘తంగటి’ అనే బిడ్డకు భాష ఉంది, ఉచ్చారణలో తేడా ఉంది. టీవీ ప్రకటన మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పి, దాహమేస్తే నీళ్లు అడగలేని బిడ్డకు ఉచ్చారణ ఉంది, భాషను వాడుకునే శక్తి లేదు. ఒక్క మాటా రాకపోయినా అమ్మ చెయ్యి పట్టి కుండ దగ్గరికి లాక్కెళ్లి, ఆమె ముఖంలోకి చూసి, వేలు చూపే బిడ్డకు భావవినిమయం ఉంది, మాట ఇంకా రాలేదు. ముగ్గురినీ ఇంట్లో ‘మాట రాలేదు’ అనే అంటారు. ముగ్గురికీ కావలసిన శిక్షణ మాత్రం ఒకటి కాదు.

వాడుక పదాలు, చట్టంలోని నిర్వచనం

తెలుగులో ఈ లోపాలకు పాత పేర్లు ఉన్నాయి: నత్తి, నంగి మాట, ముద్ద మాట, గ్రహణం మొర్రి, చెవుడు, మూగ. వీటిలో ‘మూగ’ అనే పదం చేసిన హాని ఎక్కువ. మూగ అని పిలిచే పిల్లల్లో చాలామందికి గొంతు, నాలుక, స్వరతంత్రులు బాగానే ఉంటాయి. వారికి లేనిది వినికిడి. వినని మాటను బిడ్డ తనంతట తాను పలకలేడు. ఆ పేరు పెట్టాక ఇంట్లోవాళ్లు చెవి సంగతి మరిచి నోటి వైపే చూస్తారు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది అని తేలింది. వారిలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50.7 లక్షలు, మాట లోపం ఉన్నవారు సుమారు 20 లక్షలు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లేదా అంతకు మించిన లోపం ఉంటే బధిరత్వమని, 60 నుంచి 70 డెసిబెల్స్ మధ్య ఉంటే పాక్షిక వినికిడి లోపమని చెప్పింది. మాట, భాషా వైకల్యాన్ని మాత్రం స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతినడం వంటి కారణాలతో వచ్చిన శాశ్వత లోపంగా నిర్వచించింది. అందువల్ల మాట ఆలస్యమైన మూడేళ్ల బిడ్డ చాలాసార్లు ఈ నిర్వచనంలోకి రాడు. సదరం (వైకల్య నిర్ధారణ) శిబిరంలో సర్టిఫికెట్ రాలేదంటే బిడ్డకు లోపమే లేదని అర్థం కాదు. శిక్షణ మొదలుపెట్టడానికి ఆ సర్టిఫికెట్ అవసరమూ లేదు.

చరిత్ర

ధ్వనులు నోటిలో ఎక్కడ పుడతాయన్న విచారణ భారతదేశంలో ప్రాచీన శిక్షా గ్రంథాలతోనే మొదలైంది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని తెలుగు వ్యాకరణంలో చదివే విభజన నేటి స్పీచ్ థెరపిస్టుకు రోజూ పనికివస్తుంది. ‘కాకి’ని ‘తాతి’ అనే బిడ్డ కంఠ్యాన్ని దంత్యంగా మారుస్తున్నాడని చెప్పడానికి ఇంతకన్నా సూటి పదజాలం లేదు.

చికిత్సా వృత్తిగా ఇది 20వ శతాబ్దానిది. అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 1925లో ఏర్పడింది. మన దేశంలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో, వృత్తి నిపుణుల జాతీయ సంఘం 1967లో మొదలయ్యాయి. ముంబైలో అలీ యావర్ జంగ్ పేరిట వినికిడి వైకల్య సంస్థ 1983లో, సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో వచ్చాయి. పునరావాస వృత్తులకు ప్రమాణాలు నిర్ణయించే భారత పునరావాస మండలి చట్టం 1992 నాటిది. పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అది గుర్తించవలసిన 30 సమస్యల జాబితాలో పుట్టు చెవుడు, గ్రహణం మొర్రి, భాష ఆలస్యం, ఆటిజం ఉన్నాయి.

మాట ఎదిగే తీరు

రెండు మూడు నెలలకు ఊ కొట్టడం, ఆరేడు నెలలకు ‘బబబ’, ‘మమమ’ అనడం, తొమ్మిది పది నెలలకు పేరు పిలిస్తే తిరగడం, ఏడాది ప్రాంతంలో వేలు చూపడం, మొదటి మాట అనడం – క్రమం ఇది. రెండేళ్లకు సుమారు 50 మాటలు వస్తాయి, ‘అమ్మ రా’, ‘పాలు వద్దు’ వంటి రెండేసి మాటల కలయికలు వినిపిస్తాయి. మూడేళ్లకు చిన్న వాక్యాలు వస్తాయి, కొత్తవారికి కూడా చాలావరకు అర్థమవుతాయి. ర, ళ, ణ, ష వంటి ధ్వనులు ఆలస్యంగా కుదురుకుంటాయి. మూడేళ్ల బిడ్డ రెండుని ‘లెండు’ అంటే అది లోపం కాదు. ఏడేళ్ల బిడ్డ అలాగే అంటే చూపించవలసిందే.

పిల్లలందరూ ఒకే వేగంతో ఎదగరు. అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే వేచి చూడకూడదు. ఏడాదికి వేలు చూపకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం – వీటిలో చివరిది అన్నిటికన్నా తీవ్రమైనది. అది ఏ వయసులో జరిగినా వెంటనే వైద్యునికి చూపాలి. ‘మగబిడ్డకు ఆలస్యంగానే వస్తుంది’, ‘వాళ్ల నాయన కూడా నాలుగేళ్లకే మాట్లాడినాడు’ అని ఊరడించేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆలస్యంగా మాట్లాడి తర్వాత అందరితో సమమయ్యే పిల్లలు నిజంగానే ఉన్నారు. కానీ రెండేళ్ల బిడ్డను చూసి ఎవరు వారిలో ఒకరో, ఎవరు కారో ముందుగా చెప్పగల అవ్వ ఎవరూ లేరు.

రకాలు

వినికిడి లోపం. మాట రాకపోవడానికి మొదట వెతకవలసిన కారణం ఇదే. పుట్టుకతో వచ్చే తీవ్ర లోపం వెయ్యిమందిలో ఒకరిద్దరికి ఉంటుంది. జన్యుపరమైన కారణాలు, గర్భిణికి సోకిన రుబెల్లా, పుట్టగానే వచ్చిన తీవ్రమైన కామెర్లు, నెలలు నిండని కాన్పు, మెదడు పొరల వాపు, లోపలి చెవిని దెబ్బతీసే కొన్ని మందులు దీనికి దారితీస్తాయి. పదేపదే చెవి చీము కారితే ఏర్పడే స్వల్ప లోపం కూడా భాషను వెనక్కి లాగుతుంది. తలుపు చప్పుడుకు బిడ్డ తిరిగాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకోవడం పొరపాటు. పెద్ద చప్పుడు విని ‘స’, ‘క’ వంటి సన్నని ధ్వనులు వినలేని పిల్లలు ఉంటారు.

ఉచ్చారణ లోపాలు. ఒక ధ్వని బదులు మరొకటి పలకడం, ధ్వనిని వదిలేయడం, వికృతంగా పలకడం ఇందులోకి వస్తాయి. కండరాలు బాగున్నా మెదడు నుంచి నోటికి వెళ్లే ప్రణాళిక కుదరకపోతే అది వాక్ అప్రాక్సియా. మస్తిష్క పక్షవాతంలో కండరాల బలహీనత వల్ల మాట ముద్దవడం డిసార్త్రియా.

వికాసపరమైన భాషా లోపం. వినికిడి, బుద్ధి బాగున్నా భాష మాత్రం ఎదగని స్థితి ఇది. పాశ్చాత్య దేశాల్లో చేసిన సర్వేలు బడి వయసు పిల్లల్లో సుమారు 7 శాతం మందికి ఇది ఉన్నట్టు చూపాయి. ఇంత విస్తారంగా ఉన్నా దీని గురించి మాట్లాడేవారు తక్కువ. తరగతిలో ఈ బిడ్డను ‘మొద్దు’ అని పక్కన పెడతారు. పాఠం అర్థం కాకపోవడానికి మూలం పాఠంలో కాక వాక్యంలో ఉందని గమనించే ఉపాధ్యాయులు అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ 11వ కూర్పులో మాట, భాషల వికాస లోపాలన్నీ 6ఏ01 సంకేతం కింద ఉన్నాయి.

నత్తి. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది. సుమారు 5 శాతం పిల్లలు ఏదో ఒక దశలో నత్తి పడతారు. వారిలో ఎక్కువమందికి తగ్గిపోతుంది, పెద్దల్లో ఒక శాతానికి మిగులుతుంది. భయం, అనుకరణ దీనికి కారణాలు కావు. మాటను నడిపే మెదడు వ్యవస్థలో తేడా, వంశపారంపర్యం దీని వెనక ఉన్నాయి.

గ్రహణం మొర్రి. పెదవి శస్త్రచికిత్స మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలి శస్త్రచికిత్స తొమ్మిది నుంచి 18 నెలల మధ్య చేస్తారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. శస్త్రచికిత్సతో పని అయిపోయిందనుకుని మాట శిక్షణ మానేయడం తరచు జరిగే నష్టం.

ఆటిజం. మాట ఆలస్యం ఒక్కటే ఆటిజం కాదు. చూపు కలపకపోవడం, చూసినదాన్ని ఇతరులకు చూపాలన్న ఆసక్తి లేకపోవడం, విన్నదాన్నే తిరిగి అనడం, ఒకే పనిని పదేపదే చేయడం కలిసి కనిపించాలి. సికింద్రాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ రూపొందించిన 40 అంశాల భారతీయ ఆటిజం కొలబద్దను ధ్రువీకరణకు వాడతారు.

అరుపుల వల్ల గొంతు బొంగురుపోవడం, ఇంట్లో మాట్లాడి బడిలో నోరు మెదపకపోవడం కూడా ఈ కోవలోనివే.

ఈ ప్రాంతపు నేపథ్యం

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ రాష్ట్ర సరిహద్దులకు దగ్గరి పట్టణాలు. కుప్పం తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే ఉండడం యాదృచ్ఛికం కాదు. మదనపల్లె, పుంగనూరుల్లో తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ ఇళ్లు చాలా ఉన్నాయి, కన్నడం కూడా వినిపిస్తుంది. అవ్వతో తమిళం, అమ్మతో తెలుగు, అంగడిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు – ఇది ఇక్కడి బిడ్డకు మామూలు దినచర్య.

బిడ్డకు మాట ఆలస్యమైతే మొదట ఈ భాషలనే నిందిస్తారు. ‘ఇన్ని భాషలు వింటే తికమక పడడా?’ అంటారు. ఇది నిజం కాదు. ఒకటికి మించిన భాషలు భాషా లోపాన్ని కలిగించవని పరిశోధనలు స్థిరంగా చెబుతున్నాయి. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్వగలరు. లెక్క పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగులో 25, తమిళంలో 15, కన్నడంలో 10 మాటలున్న బిడ్డను తెలుగులోనే పరీక్షిస్తే సగమే కనిపిస్తుంది. మూడూ కలపాలి. నిజమైన లోపం అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. ‘ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి’ అన్న సలహా ఇక్కడి కుటుంబాలకు చేటు. తనకు సరిగా రాని భాషలో తల్లి బిడ్డతో మాట్లాడితే ముక్కలు ముక్కలుగా, ఆజ్ఞల్లాగా మాట్లాడుతుంది. కథా, కబురూ, అలకా తీర్చే మాటా ఆ భాషలో రావు.

రెండో అంశం మేనరికం. రక్తసంబంధంలో పెళ్లిళ్లు దక్షిణాదిలో, రాయలసీమలో ఎక్కువ. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపభూయిష్ట జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పుట్టు చెవుడుకు కారణమయ్యే జన్యువుల్లో జీజేబీ2 ముఖ్యమైనది. మేనరికం చేసుకున్న ఇంట తొలి బిడ్డకు చెవుడుంటే రెండో బిడ్డకు పుట్టగానే వినికిడి పరీక్ష తప్పనిసరి. పుట్టు చెవుడుకు మరో కారణమైన రుబెల్లాను అడ్డుకునే టీకా సంగతీ ఇక్కడే చెప్పాలి. తట్టు–రుబెల్లా టీకా ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో సార్వత్రికంగా మొదలైంది.

మూడోది వస. నోరు తిరగాలని వసకొమ్మును అరగదీసి నాలుకకు రాయడం తెలుగు ఇళ్ల పాత ఆచారం. ‘వసపిట్ట’ అన్న మాట దాన్నుంచే పుట్టింది. వసలోని బీటా–ఆసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగించినట్టు తేలడంతో అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించారు. పసిపిల్లలకు వాంతులు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మాటకు అది చేసే మేలు ఏదీ రుజువు కాలేదు. నాలుక కింది తంతును కోయిస్తే మాట వస్తుందన్న నమ్మకమూ ఇలాంటిదే. ఆ తంతు కొన్ని ధ్వనుల స్పష్టతను అడ్డుకోవచ్చు గానీ, మాటే రాకపోవడానికి కారణం కాదు.

పరీక్షలు

నవజాత శిశువులకు చెవిలో సన్నని శబ్దం పంపి లోపలి చెవి ప్రతిస్పందనను పట్టే ఓఏఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. నరం నుంచి మెదడు కాండం దాకా చూసే బెరా పరీక్షను బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు. నెలలోపు వడపోత, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స – ఇది అంతర్జాతీయంగా ఆమోదం పొందిన కాలక్రమం. భాషా పరీక్షలో ప్రశ్నల కన్నా గమనింపు ముఖ్యం. బిడ్డ ఎలా ఆడుకుంటున్నాడు, ఎలా అడుగుతున్నాడు, ఎంత అర్థం చేసుకుంటున్నాడు అన్నవి నిపుణులు చూస్తారు. ఇంట్లో తీసిన ఐదు నిమిషాల ఫోన్ వీడియో వారికి చాలా చెబుతుంది.

ప్రాథమిక శిక్షణ మెళకువలు

వారానికి ఒకసారి అరగంట థెరపీకి వెళ్లే బిడ్డ మిగతా మెలకువ సమయమంతా ఇంట్లోనే ఉంటాడు. అందుకే తల్లిదండ్రులకు నేర్పడం చికిత్సలో కేంద్ర భాగమైంది. 1975లో కెనడాలో మొదలైన హానెన్ కార్యక్రమం ఈ మార్గానికి పేరు పొందింది. కింది మెళకువలు ఏ లోపానికైనా పునాదిగా పనికివస్తాయి. నిపుణుల పరీక్షకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

మొదటిది ఆగడం. అన్నం వేళ చూద్దాం. అమ్మ సంగటి ముద్ద చేసి, చెనిక్కాయల ఊరుబిండిలో అద్ది, బిడ్డ కళ్లకు ఎదురుగా పట్టుకుంటుంది. మామూలుగా ఆ ముద్ద నేరుగా నోట్లోకి పోతుంది. బిడ్డకు అడిగే అవసరమే రాదు. శిక్షణలో ఆమె చెయ్యి ఆపి, బిడ్డ ముఖం చూస్తూ, మనసులో పది దాకా లెక్క పెడుతుంది. నాలుగో అంకెకు బిడ్డ ముద్ద వైపు చూస్తాడు. ఏడో అంకెకు అమ్మ వైపు చూస్తాడు. తొమ్మిదికి చెయ్యి చాచి ‘తం’ అంటాడు. అదే మాట. ‘సంగటి! సంగటి కావాలి’ అంటూ వెంటనే పెట్టాలి. ‘సరిగ్గా చెబితేనే పెడతా’ అని ఏడిపిస్తే ఆ రోజు పాఠం అక్కడితో పోతుంది.

రెండోది విస్తరించడం. బిడ్డ ఒక మాట అంటే పెద్దవారు ఒకటి చేర్చి తిరిగి ఇవ్వాలి. ‘ఆవు’ అంటే ‘పెద్ద ఆవు’, ‘పెద్ద ఆవు’ అంటే ‘పెద్ద ఆవు మేస్తోంది’. తప్పు పలికితే తప్పని చెప్పకుండా సరైన రూపం వినిపించాలి. ‘లొట్టె’ అంటే ‘అవును, రొట్టె. వేడి రొట్టె’. మళ్లీ అనమని బలవంతం చేయనక్కరలేదు.

మూడోది వ్యాఖ్యానం. ‘ఇదేంది? అదేంది?’ అని వరసగా అడగడం పరీక్ష అవుతుంది, సంభాషణ కాదు. బిడ్డ చేస్తున్నదాన్నే మాటల్లో పెట్టాలి. ‘టమాటా తీశావు. ఎర్ర టమాటా. బుట్టలో వేశావు.’ బిడ్డ ఎత్తుకు దిగి, ముఖం కనబడేట్టు కూర్చుని, వాడు చూస్తున్న వస్తువు గురించే మాట్లాడాలి. ఎంచుకోమని అడగడం కూడా మంచి పద్ధతి: ‘అరటిపండా, జామకాయా?’

దోబూచులాట, తారంగం, చెమ్మచెక్క వంటి ఆటల్లో వంతు తీసుకోవడం, ఎదురుచూడటం, చూపు కలపడం సహజంగా ఉన్నాయి. వీటికి బదులు ఫోను వచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప తెర వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించవద్దని భారత శిశువైద్యుల సంఘం 2021లో సూచించింది.

ఉచ్చారణ శిక్షణకు ఒక క్రమం ఉంది. ముందు చెవికి తేడా తెలియాలి, తర్వాత విడి ధ్వని, అక్షరం, పదం, వాక్యం, చివరికి మామూలు సంభాషణ. కోట–తోట, కోక–తోక, తేరు–తేలు వంటి జంటల బొమ్మలు ఇందుకు బాగా ఉపకరిస్తాయి. తేరు అడిగితే తేలు బొమ్మ చేతికొచ్చినప్పుడు బిడ్డకే తన తప్పు తెలుస్తుంది. బుడగలు ఊదించడం, నాలుక వ్యాయామాలు ఉచ్చారణను మెరుగుపరుస్తాయనడానికి తగిన ఆధారం లేదు.

నత్తి పడే బిడ్డకు ‘నెమ్మదిగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకో’ అనకూడదు. వాక్యం మనం పూర్తిచేయకూడదు. మనం నిదానంగా మాట్లాడి, వాడు చెప్పే విషయాన్ని చివరిదాకా వినాలి.

వినికిడి యంత్రం లేదా కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న బిడ్డకు ప్రతి ఉదయం ఆరు ధ్వనుల పరీక్ష చేయాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ – నోరు కనబడకుండా పక్కన కూర్చుని ఒక్కొక్కటి పలికి, బిడ్డ విన్నాడా చూడాలి. నిన్న విన్న ‘స్’ నేడు వినకపోతే బ్యాటరీనో, చెవి అచ్చునో, చెవిలో చీమునో అనుమానించాలి.

మాట రాని బిడ్డకు బొమ్మల కార్డులు, సైగలు నేర్పితే మాట ఇక రాదన్న భయం నిరాధారం. అవి మాటకు దారి ఇస్తాయి గానీ అడ్డుపడవు.

సేవలు, దూరాలు

బాల స్వాస్థ్య సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలన్నది నియమం. వారు గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. బడి వయసు పిల్లలకు అవి దగ్గరి ఆసరా. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాలను, చిన్నపిల్లలకు వినికిడి, మాట శిక్షణ ఇచ్చే శ్రవణం కేంద్రాన్ని నడుపుతోంది. కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో (ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ) ఉంది. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద పరీక్షలకు ఇక్కడివారు రాయవేలూరులోని సీఎంసీకో, బెంగళూరులోని నిమ్హాన్స్‌కో, మైసూరుకో వెళతారు.

కుప్పం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు, మదనపల్లె నుంచి తిరుపతి సుమారు 125 కిలోమీటర్లు. రోజు కూలి వదులుకుని, బిడ్డను చంకనెత్తుకుని, బస్సు మారి వెళ్లే తల్లి రెండు నెలలకు అలసిపోతుంది. థెరపీ ఆగిపోవడానికి చాలాసార్లు కారణం నిర్లక్ష్యం కాదు, దారి ఖర్చు. కాబట్టి దూరంలోని నిపుణులు నెలకోసారి చూసి పని నిర్దేశించడం, ఇంట్లోవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్త, భవిత కేంద్రం ఉపాధ్యాయులు దాన్ని రోజూ చేయించడం, మధ్యలో వీడియో కాల్‌లో సరిచూసుకోవడం ఈ ప్రాంతానికి కుదిరే పద్ధతి. వెళ్లిన ప్రతిసారీ ‘ఇంట్లో ఏం చేయాలి, ఎలా చేయాలి’ అని అడిగి, ఒకసారి తామే చేసి చూపించి రావడం తల్లిదండ్రుల హక్కు.

బిడ్డకు మాట ఆలస్యమైందన్న అనుమానం వచ్చిన రోజే వినికిడి పరీక్ష చేయించండి. దానికి తగని వయసంటూ లేదు. పుట్టిన రెండో రోజు బిడ్డకు కూడా చేయవచ్చు.